15 హెచ్‌పీ ఐఈ3 మోటార్లు: రైస్ మిల్లులో నాలుగేళ్లు తిప్పాక

హస్కర్లకు (వడ్ల పొట్టు తీసే యంత్రాలు), బ్లోయర్లకు (గాలి ఊదే ఫ్యాన్లు) ఒకే కంపెనీ ఐఈ3 (కరెంటు ఆదా చేసే శ్రేణి) మోటార్లు నాలుగేళ్లుగా నడుస్తున్నాయి. 15 హెచ్‌పీ, అంటే 11 కిలోవాట్లు, 4 పోల్, 160ఎం ఫ్రేమ్ (బాడీ సైజు), డెల్టా కనెక్షన్ (మూడు కాయిళ్లూ త్రికోణంలా కలిసేది). కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద చెప్పే లోపాలు ఏ కంపెనీ మోటారులోనైనా రావచ్చు. లోపలి వైండింగ్ గట్టిది. కరెంటు బిల్లు విషయంలో కూడా ఫిర్యాదు లేదు. మన చేతికి అందే టెర్మినల్ బాక్స్ (వైర్లు కలిపే డబ్బా) పనిలోనే శ్రద్ధ లోపించింది. అందుకే కొత్త మోటారు వచ్చాక బెల్టు ఎక్కించే ముందు ఒక గంట కేటాయించాలి.

మూత తీయగానే చూడాల్సినవి లింకులు, అంటే టెర్మినళ్లను కలిపే లోహపు పట్టీలు. మూడు కాయిళ్లకు యూ, వీ, డబ్ల్యూ అని పేర్లు, 1 అంటే మొదలు, 2 అంటే చివర. ఈ మోటార్లు డెల్టా పట్టీలు బిగించే వస్తాయి. యూ1కి డబ్ల్యూ2, వీ1కి యూ2, డబ్ల్యూ1కి వీ2 కలిసి ఉంటాయి. స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారును ముందు స్టార్‌లో తక్కువ కరెంటుతో తిప్పి, తర్వాత డెల్టాకు మార్చేది) పెట్టేవాళ్లు ఈ మూడు పట్టీలూ తీసేయాలి. తీయకుండా ఆరు వైర్లు కలిపితే స్టార్ కాంటాక్టర్ (స్టార్టర్‌లోని కరెంటుతో పనిచేసే స్విచ్) పడిన క్షణంలోనే మూడు ఫేజులూ నేరుగా షార్ట్ అవుతాయి, కాంటాక్టర్ కాలిపోతుంది. అప్పుడు అందరూ మోటారునే అనుమానిస్తారు. ఇంకో గుర్తు ఉంది: స్టార్‌లో చక్కగా తిరిగి, డెల్టాలోకి మారగానే కరెంటు సున్నాకి పడి మోటారు నెమ్మదించి ఆగిపోతే, ప్రతి కాయిల్ రెండు కొసలకూ ఒకే ఫేజు వెళ్తోందన్నమాట. అది ప్యానెల్ వైరింగ్ తప్పు. మోటారును వెనక్కి పంపి లాభం లేదు.

అసలు ఫ్యాక్టరీ తప్పు వేరే ఉంది, పట్టుకోవడం కష్టం. ఒక కాయిల్ మొదలు, చివర తారుమారై నంబరు పడుతుంది, యూ1 ఉండాల్సిన చోట యూ2 వస్తుంది. మల్టీమీటర్‌లో మూడు కాయిళ్లూ బాగున్నట్టే ఉంటాయి, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) కూడా మంచి రీడింగే చూపిస్తుంది. స్విచ్ వేస్తే మాత్రం మోటారు గుర్రుమంటూ స్పీడు అందుకోదు. లోడు లేకుండానే ఆంపియర్లు విపరీతంగా ఎక్కుతాయి, మూడు ఫేజుల్లో మూడు రకాలుగా. రెండు మూడు సెకన్లకు మించి ఉంచొద్దు. మళ్లీ మళ్లీ స్విచ్ వేసి చూసేవాళ్లే వైండింగ్‌ను చేజేతులా కాల్చేస్తారు.

దీన్ని ఒక టార్చి సెల్లు, ముల్లు తిరిగే పాతరకం మీటరుతో తేల్చవచ్చు. పట్టీలన్నీ తీసేసి, మీటరును అతి తక్కువ డీసీ రేంజిలో పెట్టి, ఎర్ర వైరు వీ2కి, నల్ల వైరు వీ1కి తగిలించాలి. సెల్లు ప్లస్ యూ1కి, మైనస్ యూ2కి ఒక్కసారి తాకించాలి. తాకిన క్షణంలో ముల్లు ముందుకు కొట్టుకోవాలి. తీసినప్పుడు వెనక్కి పోతుంది, దాన్ని లెక్కపెట్టొద్దు. ఇలాగే ఎర్ర వైరు డబ్ల్యూ2కి, నల్ల వైరు డబ్ల్యూ1కి పెట్టి చూడాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కొడితే వెనక్కి కొట్టిన కాయిల్ కొసలు తారుమారు. రెండూ వెనక్కి కొడితే తప్పు యూ కాయిల్‌ది. డిజిటల్ మీటరులో ఈ కదలిక సరిగ్గా అందదు.

తర్వాత లగ్గులు, అంటే వైరు కొసకు నొక్కి బిగించే (క్రింపింగ్ చేసే) లోహపు తొడుగులు. ఒక్కో లగ్గును వేళ్లతో పట్టుకుని మెలిపెట్టి చూడాలి. వైరు మీద లగ్గు తిరిగితే క్రింపింగ్ వదులు. మొదట్లో ఏమీ తెలియదు. సీజనులో ఫుల్ లోడు పడ్డాక ఆ లగ్గు దగ్గరి స్లీవు గోధుమరంగుకు తిరిగి, పెళుసుబారి, గోటితో గీకితే పొడిలా రాలుతుంది. చివరికి ఆ ఫేజు తెగి, మోటారు రెండు ఫేజుల మీద నడిచి కాలుతుంది. మళ్లీ క్రింపింగ్ చేయించడం పది నిమిషాల పని. స్టడ్ నట్టు బిగించేటప్పుడు కింది నట్టును రెండో స్పానరుతో పట్టుకోవాలి. లేకపోతే స్టడ్డే తిరిగి లోపలి వైరు మెలిపడుతుంది.

మెగ్గర్ 500 వోల్టులది చాలు. పట్టీలు తీసి, ప్రతి కాయిల్‌కూ బాడీకీ మధ్య, కాయిళ్ల మధ్యా చూడాలి. కొత్త మోటారు 100 మెగోమ్‌లు దాటాలి, 5 లోపు ఉంటే కరెంటు ఇవ్వొద్దు. వానల్లో గోడౌన్‌లో పడున్న మోటారుకు తక్కువ వస్తే అది తేమ కావచ్చు, ఆరబెట్టి మళ్లీ చూడాలి. థర్మిస్టర్ (వైండింగ్ వేడిని పసిగట్టేది) ఉన్న మోటారులో దాని రెండు వైర్లూ కలిపి బాడీకి కట్టేయాలి, వాటి మధ్య మెగ్గర్ పెడితే థర్మిస్టర్ పాడవుతుంది.

లోడు లేకుండా టాంగ్ టెస్టర్‌లో (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) 7 నుంచి 9 ఆంపియర్లు వస్తాయి, ఫుల్ లోడు సుమారు 20. ఫేజుల మధ్య తేడా 10 శాతం దాటితే వెంటనే మోటారును నిందించకండి. మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరిపి కలపండి, తిరిగే దిశ మారదు. ఎక్కువ ఆంపియర్లు అదే లైను వెంట వెళ్తే తప్పు సప్లైది, అదే టెర్మినల్ దగ్గర నిలిస్తే మోటారుది. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) స్టార్-డెల్టాలో కాయిల్ కరెంటు చూసేచోట ఉంటే 20 కాదు, 0.58తో గుణించి 11.6 దగ్గర పెట్టాలి. 20 మీద వదిలేస్తే రిలే ఉన్నా లేనట్టే.

ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకకుండా వస్తోంది, గీకి బిగించాలి. కాళ్లు బేస్ మీద సమంగా కూర్చోకపోతే షిమ్ (పలుచని రేకు) వేయాలి. బోల్టుతో లాగి కూర్చోబెడితే బాడీ వంగి, బేరింగ్ మోత మొదలవుతుంది. బెల్టు వైపు 6309 బేరింగ్ త్వరగా పోతే కంపెనీ కన్నా ముందు బెల్టు బిగింపు చూసుకోవాలి.

పరీక్షల రీడింగులు, మూత తీసిన బాక్స్ ఫొటో, నేమ్‌ప్లేట్ ఫొటో మొదటి రోజే దాచిపెడితే గ్యారంటీలో వాదన తేలిగ్గా తెగుతుంది. బ్లోయరుకు నిమిషానికి 1440 చుట్లు తిరిగే పాత మోటారు తీసి ఇది పెట్టేవాళ్లు పుల్లీ లెక్క మళ్లీ వేయాలి. ఐఈ3 మోటారు 1465 దాకా తిరుగుతుంది, ఆ కాస్త స్పీడుకే బ్లోయరు ఐదు శాతం అదనంగా కరెంటు లాగుతుంది.