అరకు ఘాట్‌లో ఏవి నిలిచాయి: విశాఖలో ఇంట్లో చేసి అమ్మే చిరుతిళ్లపై ఒక సమీక్ష

ఎం.వి.పి. కాలనీలోని ఒక అపార్ట్‌మెంటులో అరవై ఏళ్లు దాటిన ఒక గృహిణి, ముందుగా చెప్పిన వారికి మాత్రమే, తన వంటింట్లోనే చిరుతిళ్లు చేసి ఇస్తున్నారు. బయట బోర్డు ఏమీ లేదు. మెట్లు ఎక్కుతుండగానే వేగుతున్న మినుముల వాసన తలుపు ఎక్కడుందో చెబుతుంది. దసరా సెలవులలో ఐదేళ్ల అమ్మాయిని, రెండున్నరేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని కారులో అరకు వెళ్లాలనుకున్నప్పుడు, దారిలో చిప్స్ పొట్లాల కోసం మారాం చేయకుండా ఉంటారని, రెండు రోజుల ముందు ఆమెకు ఫోన్ చేసి సున్నుండలు, నువ్వుండలు, చోడి (రాగి) జంతికలు, వేయించిన అటుకులు చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎన్ని రోజులు నిల్వ ఉండాలి తల్లీ?" తినేవాళ్ల వయసెంతో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ తరువాత వచ్చిన చిక్కులలో సగం దానివల్లనే వచ్చాయి.

రుచిలో సున్నుండలదే పైచేయి. పొట్టు తీయని మినుములను సన్నని సెగ మీద ఓపికగా వేయించి, కాస్త బరకగా విసిరి, అనకాపల్లి బెల్లంతో కలిపి కట్టినవి కాబట్టి, పొట్టు తీసిన పప్పుతో చేసిన ఉండలలో దొరకని కమ్మదనం, నాలుక మీద సన్నని ఇసుకలాంటి పలుకు వీటిలో ఉన్నాయి. నెయ్యి విషయంలో ఆమె పిసినారితనం చూపలేదు. అయితే ఆ ధారాళమే ప్రయాణంలో మా మీదికి వచ్చింది. నెయ్యి మన ఒంటి వేడికే కరిగిపోతుంది, ఇక ఎండలో నిలిపిన కారు సంగతి చెప్పనక్కరలేదు. శృంగవరపుకోటలో టిఫిను కోసం ఆగి, అరగంట తరువాత వచ్చి డబ్బా మూత తీసేసరికి, పన్నెండు ఉండలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అంచుల వెంట నెయ్యి మెరుస్తూ ఒకే ముద్దగా కనిపించాయి. మా అమ్మాయి దానిని చేత్తోనే తవ్వుకుని ఎంతో ఇష్టంగా తిన్నది, తిన్న చేతిని కిటికీ అద్దానికి ఆనించింది. ఐదు వేళ్ల ఆ నెయ్యి ముద్ర నాలుగు రోజుల తరువాత కూడా ఎండ పడినప్పుడల్లా తేలుతూనే ఉంది. ఇది చేసినవారి తప్పు కాదు. సున్నుండ ఇంట్లో కూర్చుని తినవలసిన వస్తువు.

నువ్వుండల విషయంలో మాత్రం నా ఫిర్యాదు సూటిగానే చెబుతాను. పాకం ముదిరింది. ఉండపాకం దగ్గర దించవలసినదాన్ని ఇంకాస్త ఉంచినట్టున్నారు. పెద్దవాళ్లం దవడ పళ్లతో కొరికితేనే విరిగాయి, పిల్లవాడు నాకి నాకి వదిలేశాడు. గట్టి ముక్కను నోట్లో పెట్టుకున్న పిల్లవాడు మలుపులో ఒక్క కుదుపుకు దాన్ని గొంతులోకి జార్చుకుంటే, ఘాట్ రోడ్డు మీద కారు ఆపే చోటు కూడా వెంటనే దొరకదు. వేయించిన అటుకులు రుచిగానే ఉన్నాయి కానీ, వాటిలో వేరుశనగ గుళ్లను గుళ్లుగానే వేశారు. ఐదేళ్లలోపు పిల్లలకు పల్లీలు, జీడిపప్పు వంటివి గింజలుగా ఇవ్వరాదని వైద్యులు చెబుతూనే ఉంటారు. అందువల్ల తెల్లవారుజామున పెందుర్తి దాటుతుండగా, వెనుక సీటులో ఫోన్ వెలుతురులో కూర్చుని అటుకులలోంచి పల్లీలు ఏరడం నా పని అయింది.

ఇక చోడి జంతికలు. ఈ ఆర్డరులో నిజంగా ప్రయాణం కోసమే పుట్టినట్టున్నవి ఇవే. చోడి పిండికి కొంత వరి పిండి చేర్చి, వెన్న వేసి కలిపినందువల్ల గుల్లగా వచ్చాయి. పిల్లవాడి నోట్లో రెండు నమలడాలకే కరిగాయి, కానీ వేలితో పట్టుకున్నంతసేపు విరిగి సీటంతా రాలలేదు. కారం వేయలేదు, వాము తగుమాత్రంగా ఉంది, ఉప్పు తక్కువ. ఉప్పు తక్కువైతే దాహం తక్కువ, దాహం తక్కువైతే "అమ్మా, కారు ఆపు" అనడం కూడా తక్కువ. ఈ లెక్క పిల్లలతో ప్రయాణించిన ప్రతి తల్లికీ తెలిసినదే. టైడా దాటాక మలుపులు మొదలైనప్పుడు అమ్మాయికి కడుపులో తిప్పడం మొదలైంది. అప్పుడు తీపి గానీ నెయ్యి గానీ దగ్గరకు రానివ్వకుండా, కిటికీ కాస్త దించి, ఒక్కొక్క జంతిక ముక్కను నెమ్మదిగా నమలమని ఇస్తూ గాలికొండ వరకు నెట్టుకొచ్చాము. వాంతి కాలేదు. చోళ్లలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందన్నది ఆ సమయంలో నాకు గుర్తుకు రాలేదు గానీ, చిప్స్ స్థానంలో ఇవి ఇచ్చినందుకు తృప్తిగానే ఉంది.

ప్యాకింగు గురించి రెండు మాటలు. పొట్లం మీద ఆహార భద్రత నమోదు సంఖ్య పద్నాలుగు అంకెలతో ముద్రించి ఉంది, మంచిదే. చేసిన తేదీ మాత్రం ఎక్కడా లేదు. ఇంటి సరుకు కొనేది తాజాదనం కోసమే కాబట్టి కలంతోనైనా తేదీ రాసి తీరాలి. పైగా పలుచని కవరును క్లిప్పుతో మూసి ఇచ్చారు. సముద్రపు గాలి తగిలే మన ఊరిలో జంతికలు ఆ కవరులో ఒక్క పూటకే మెత్తబడతాయి, అరకు మంచులోనూ అంతే. నేను బయలుదేరే ముందే వాటిని స్టీలు డబ్బాలోకి మార్చాను. బొర్రా గుహల దగ్గర ఆ డబ్బాయే కాపాడింది కూడా: పక్క కుటుంబం చేతిలోని కవరును కోతి లాక్కుపోయింది, మా డబ్బాను మాత్రం రెండుసార్లు తిప్పి చూసి వదిలేసింది.

ధర తక్కువేమీ కాదు. నాలుగూ అరకిలో చొప్పున తీసుకుంటే పదకొండు వందల రూపాయలు దాటింది. చోడి జంతికలకు ఆ ధర న్యాయం, సున్నుండలకు ఇంకా న్యాయం, నువ్వుండలకు కాదు.

తిరిగి వచ్చాక డబ్బాలు ఇవ్వడానికి వెళ్లి, "పిన్నిగారూ, పాకం ముదిరిందండీ, పిల్లవాడు కొరకలేకపోయాడు" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. "చిన్నపిల్లలకని ఒక్క మాట చెబితే లేతపాకంలో ఉసిరికాయంత ఉండలు కట్టేదాన్ని కదా తల్లీ, పల్లీలు కూడా దంచి వేసేదాన్ని" అన్నారు. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లేటప్పటికి చోడి జంతికలు ఒక కిలో, లేతపాకం నువ్వుండలు పావుకిలో చెప్పి వచ్చాను. సున్నుండలు కూడా చెప్పాను, అవి మాత్రం ఇంట్లో తినడానికే.