అక్టోబర్‌లో పనులు సర్దుకోవడానికి మైక్రోసాఫ్ట్ టు డూ పనికొస్తుందా?

సెప్టెంబర్ 30తో ఆర్థిక సంవత్సరం సగం అయిపోతుంది. ఏప్రిల్‌లో రాసుకున్న లక్ష్యాల్లో కొన్ని పూర్తయి ఉంటాయి, కొన్నిటికి అర్థమే పోయి ఉంటుంది, మిగతావి చాంతాడంత లిస్టులో ఎక్కడో అడుగున పడి ఉంటాయి. దసరాకు మిషన్లు, పనిముట్లు తుడిచి పూజ చేసే అలవాటు మన షాపులకూ ఆఫీసులకూ ఉండనే ఉంది. పనుల లిస్టును కూడా అదే వారంలో కడిగేస్తే మిగిలిన ఆరు నెలలు చేతిలో ఉంటాయి. ఆ పనికి మైక్రోసాఫ్ట్ టు డూ అనే పనుల లిస్టు యాప్ ఎంతవరకు సాయపడుతుందో చూద్దాం. చిన్న ఆఫీసుల్లో అకౌంట్స్, అడ్మిన్ పనులు చూసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్న రివ్యూ ఇది.

యాప్ ఉచితం. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఒకటి ఉంటే చాలు. విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోన్, బ్రౌజర్ అన్నిట్లోనూ ఒకే లిస్టు కనిపిస్తుంది. పనుల పేర్లు తెలుగులో రాసుకోవచ్చు. ఇలాంటిదే అయిన వండర్‌లిస్ట్ యాప్ వాడినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మైక్రోసాఫ్ట్ 2015లో వండర్‌లిస్ట్‌ను కొని, 2020 మేలో దాన్ని మూసేసి, వాడేవాళ్లను ఇటు రమ్మంది.

దీని అసలు బలం మై డే, అంటే ఆ ఒక్క రోజు పనులు పెట్టుకునే పేజీ. అది రోజూ అర్ధరాత్రికి ఖాళీ అవుతుంది. నిన్న మిగిలిన పని ఎక్కడికీ పోదు, తన లిస్టులోనే ఉంటుంది. కానీ ఈరోజు నెత్తిన వచ్చి కూర్చోదు. పొద్దున బల్బు బొమ్మ నొక్కితే గడువు దాటినవి, దగ్గరపడ్డవి సూచనలుగా వస్తాయి. వాటిలోంచి ఏరుకున్నవే ఆ రోజు పనులు. పదిహేను ఏరుకుంటే మళ్లీ పాత కథే. అయిదారుకు మించకుండా చూసుకోండి. ఎర్ర తేదీలతో నిండిన పేజీని రోజూ చూసేవాళ్లు నెల తిరక్కుండానే యాప్ తెరవడం మానేస్తారు. ఆ నీరసం రాకుండా చూసే ఏర్పాటు ఇది ఒక్కటే అయినా చాలా విలువైనది.

కడగడం ఇలా. గంటన్నర సమయం, కంప్యూటర్ కావాలి. ఫోన్‌లో చేస్తే విసుగొస్తుంది. ముందుగా ‘పాత బాకీ’ అని కొత్త లిస్టు పెట్టండి. కంట్రోల్ లేదా షిఫ్ట్ నొక్కి, తేదీ లేని పాత పనులన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి గంపగుత్తగా అందులోకి పంపండి. అక్కడే ఒక్కో పనినీ చదువుతూ డిలీట్ చేయండి. ఎవరూ అడగనిది, మూడు నెలలుగా ముట్టనిది ఏదైనా పోవచ్చు. మిగిలిన ప్రతి పనికీ తేదీ వేసి దాని అసలు లిస్టుకు పంపండి. చివరికి ‘పాత బాకీ’ ఖాళీ అయ్యాక లిస్టునే తీసేయండి. ఒక్క పని మిగిలినా అది మళ్లీ గోడౌన్ అయిపోతుంది.

లక్ష్యాల దగ్గర చాలామంది పొరపడతారు. ‘వసూళ్లు మెరుగుపరచాలి’ అని ఒక టాస్క్‌గా రాస్తారు. దానికి టిక్ పెట్టే రోజు ఎప్పటికీ రాదు. లక్ష్యాన్ని టాస్క్‌గా కాకుండా లిస్టు పేరుగా పెట్టండి: ‘90 రోజులు దాటిన బాకీలు 12 నుంచి 4కి’. లోపల మాత్రం చేతితో చేసే పనులే ఉండాలి: ఏజింగ్ రిపోర్ట్ (ఏ బాకీ ఎన్ని రోజులదో చూపేది) తీయడం, పెద్ద బాకీదారు ముగ్గురికి స్టేట్‌మెంట్ పంపడం, సోమవారం ఫోన్లు. ఇలాంటి లిస్టులు మూడు చాలు. వాటిని ‘అక్టోబర్–మార్చి’ అనే గ్రూపులో ఉంచండి. ఎంత దూరం వచ్చామో చూపించే గ్రాఫ్ గానీ శాతం గానీ యాప్‌లో లేదు. ఆ 12, 4 అంకెలను టేబుల్ ఎదురుగా కాగితం మీద రాసి అంటించుకోవాల్సిందే.

ఇక గడువుల సంగతి. ఎక్కువ శ్రద్ధ కావాల్సింది ఇక్కడే. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు టీడీఎస్ (చెల్లింపుల్లోంచి మినహాయించిన పన్ను) 7న, జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) 11న, పీఎఫ్, ఈఎస్ఐ 15న, జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్న్) 20న. డ్యూ డేట్‌గా ఈ తేదీలనే వేయకండి. మూడు రోజుల ముందు తేదీ వేసి, అసలు గడువును టాస్క్ పేరులో రాయండి: ‘3బీ ఫైలింగ్, గడువు 20’, డ్యూ డేట్ 17. దసరా, దీపావళి సెలవులు, ఆదివారాలు ఈ మూడు రోజుల్లో సర్దుకుంటాయి. డ్యూ డేట్‌కు సమయం ఉండదు కాబట్టి రిమైండర్ విడిగా పెట్టాలి.

ఈ 3బీ టాస్క్‌నే విప్పి చూస్తే యాప్‌లోని పెద్ద లోపం బయటపడుతుంది. టాస్క్ కింద స్టెప్‌లు రాసుకోవచ్చు: సేల్స్ రిజిస్టర్ జీఎస్టీఆర్-1తో కలుస్తుందో లేదో చూడటం, కొనుగోళ్లను 2బీతో (సరఫరాదారులు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే స్టేట్‌మెంట్) సరిపోల్చడం, తేడా ఉన్న సరఫరాదారులకు ఫోన్, చలానా, ఫైలింగ్. కానీ స్టెప్‌కు సొంత తేదీ ఉండదు. 2బీ వచ్చేదే 14న. సరిపోల్చే పని 15న మొదలు కాకపోతే సరఫరాదారు దగ్గర్నుంచి జవాబు వచ్చే లోపే 17 వచ్చేస్తుంది. ఆ స్టెప్ మాత్రం లోపలే దాక్కుని, తేదీలున్న పనులను చూపే ప్లాన్డ్ లిస్టులో కనిపించదు. దీనికి మందు స్టెప్ మెనూలోనే ఉంది. ‘ప్రమోట్ టు టాస్క్’ నొక్కితే అది విడి టాస్క్ అవుతుంది. దానికి 15 తేదీ వేయండి. వేరేవాళ్ల జవాబు కోసం ఆగాల్సిన ఏ స్టెప్‌నైనా ఇలా బయటికి తీయాలి.

రిపీట్ పెట్టిన పనుల్లో ఇంకో చిక్కుంది. ఇప్పటి దానికి టిక్ పెడితేనే తర్వాతి నెలది పుడుతుంది. అక్టోబర్ పని చేసేసి టిక్ మర్చిపోతే నవంబర్‌ది కనిపించనే కనిపించదు. అందుకని అక్‌నాలెడ్జ్‌మెంట్ పీడీఎఫ్ ఫోల్డర్‌లో పడ్డ వెంటనే టిక్ పెట్టే అలవాటు చేసుకోండి.

మెయిల్ అవుట్‌లుక్‌లో ఉన్న ఆఫీసులకు మరో సౌకర్యం ఉంది. ఫ్లాగ్ పెట్టిన మెయిల్ దానంతటదే టాస్క్‌గా వచ్చేస్తుంది. జీమెయిల్‌లో పెట్టిన స్టార్‌కు ఆ సౌకర్యం లేదు. మెయిల్, క్యాలెండర్ రెండూ గూగుల్‌వే అయితే గూగుల్ టాస్క్స్ నయం, తేదీలన్నీ క్యాలెండర్‌లోనే కనిపిస్తాయి. టు డూలో నెల మొత్తం ఒక్క చూపులో కనిపించే పేజీ లేదు, ఆరు నెలల ప్లాన్‌కు అది నిజంగా పెద్ద లోటు. నలుగురైదుగురు కలిసి చేసే పనులకూ ఇది చాలదు, మైక్రోసాఫ్ట్‌దే అయిన ప్లానర్ యాప్ వైపు వెళ్లండి.

కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో రిమైండర్లు మోగవు. చాలాసార్లు తప్పు యాప్‌ది కాదు, బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే దాన్ని నిద్రపుచ్చుతుంది. సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేసి, అయిదు నిమిషాల తర్వాతికి ఒక రిమైండర్ పెట్టి మోగుతుందో లేదో చూసుకోండి.

ఇంకొకటి, ఇప్పుడే సరిచేసుకోవాల్సింది. టీడీఎస్ స్టేట్‌మెంట్ మూడు నెలలకోసారి కదా అని కస్టమ్ రిపీట్‌లో 3 నెలలు పెట్టేస్తారు. అక్టోబర్ 31 తర్వాత జనవరి 31 సరిగ్గానే వస్తుంది, ఆ తర్వాతది మాత్రం ఏప్రిల్ నెలాఖరులో పడుతుంది. నాలుగో త్రైమాసికం గడువు మే 31. చెల్లింపుదీ అదే తంతు: మార్చిలో మినహాయించిన టీడీఎస్ కట్టడానికి మామూలు ఆఫీసులకు ఏప్రిల్ 30 దాకా సమయం ఉంటుంది, రిపీట్ మాత్రం 7నే చూపిస్తుంది. స్టేట్‌మెంట్ ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు. కాబట్టి స్టేట్‌మెంట్లకు రిపీట్ వాడకుండా, అక్టోబర్, జనవరి, మే నెలలకు మూడు విడి టాస్క్‌లు ఈరోజే రాసిపెట్టండి.