రీఫర్బిష్డ్ లాప్‌టాప్ కొంటున్నారా? ఛార్జర్ మీద రాసిన వాట్లు కూడా చదవండి

ఎడిటింగ్ పనికి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. సికింద్రాబాద్‌లో ఒక షాపులో 46 వేలు పోసి కొన్న మెషీన్, సరిగ్గా పని పీకల మీదికొచ్చిన రాత్రే చేతులెత్తేసింది. షాపు పేరు రాయను, ఆ గొడవ నాకొద్దు. ఎలా బోల్తా పడ్డానో మాత్రం దాచకుండా చెప్తాను.

నేను కృష్ణానగర్‌లో చిన్న సినిమాలకు ఎడిటింగ్ చేస్తుంటాను. మొన్న చేసిన సినిమాలో పెళ్లి తంతు మీద ఒక కామెడీ సీను ఉంది. ట్రైలర్ బయటికి రాగానే ఒక పురోహితుల సంఘం వాళ్లు అభ్యంతరం చెప్పారు. మంత్రం మధ్యలో హాస్యనటుడు అనే ఒక మాట, పెళ్లి పీటల పక్కనే చెప్పులు కనిపించే ఒక షాటు. ఇలాంటివి మనకు కొత్తేం కాదు. 2017లో దువ్వాడ జగన్నాథం పాటలో ఇలాగే కొన్ని మాటలు మార్చారు. 2013లో విశ్వరూపం ముస్లిం సంఘాల అభ్యంతరాలతో తమిళనాడులో ఆగిపోయి, కొన్ని చోట్ల మాటలు మ్యూట్ చేశాక గానీ ఫిబ్రవరి 7న విడుదల కాలేదు. పెద్ద సినిమా కాబట్టి తట్టుకుంది. వడ్డీకి డబ్బు తెచ్చిన మా నిర్మాత రెండు రోజులు కూడా ఆగలేడు.

ఫోన్ చేస్తే సంఘం పెద్దాయన, "బాబూ, సీను మొత్తం తీసెయ్యమనడం లేదు, ఆ మాట వినపడకుండా, ఆ చెప్పులు కనపడకుండా చూడండి చాలు" అన్నారు. పది నిమిషాల్లో తేలిపోయింది. నాకు సబబుగానే అనిపించింది. డైరెక్టర్‌కు అనిపించలేదు, అది వేరే కథ.

తిప్పలెక్కడంటే, సెన్సార్ సర్టిఫికెట్ అప్పటికే చేతికొచ్చింది. ఆ తర్వాత ఒక్క మాట మ్యూట్ చేసినా మళ్లీ బోర్డుకు తెలిపి అనుమతి రాయించుకోవాలి. పొద్దున పదింటికల్లా మార్చిన ఫైలు సిద్ధంగా ఉండాలన్నారు. రాత్రి పదకొండుకు రెండర్ (ఎడిట్ చేసినదంతా కలిపి ఒక్క వీడియో ఫైలుగా తయారు చేయడం) పెట్టి టీ తాగుతున్నాను. 40 శాతం దాటిందో లేదో, ఠప్పున ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేసి పెట్టాను, 35 దగ్గరే ఆరింది.

మొదట సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను. తర్వాత వేడి అనుకుని కింద రెండు పుస్తకాలు పెట్టి, టేబుల్ ఫ్యాన్ తిప్పాను. ఉష్ణోగ్రత చూస్తే 78 డిగ్రీలు, రెండర్ నడిచేటప్పుడు అదేమీ ఎక్కువ కాదు. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే ఎర్రర్లు వరసగా ఉన్నాయి. అంటే షట్‌డౌన్ చేయకుండానే ఆరిపోయిందని అర్థం, కారణం అది చెప్పదు. అప్పుడు కంట పడింది అసలు సంగతి. ఛార్జర్ పెట్టే ఉంది, బ్యాటరీ మాత్రం 71, 64, 52 అని దిగిపోతోంది!

ఛార్జర్ తిరగేస్తే 65 వాట్లు. ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చేది 130 వాట్లది. మామూలుగా బ్రౌజింగ్ చేసుకుంటే ఏ తేడా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు మీద భారం పడగానే చాలని కరెంటు బ్యాటరీ నుంచి లాగుతుంది. బ్యాటరీ సంగతి చూద్దామని విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg /batteryreport) అని కొట్టి బ్యాటరీ రిపోర్టు తీశాను. కొత్తలో 97,000 మిల్లీవాట్ అవర్లు ఉండాల్సింది, ఇప్పుడు ఫుల్ ఛార్జ్ 29,000. ఇక ఆరిపోక ఏం చేస్తుంది? అన్నిటికంటే ఒళ్లు మండిందేమిటంటే, తక్కువ వాట్ల ఛార్జర్ పెడితే ఆన్ అయ్యేటప్పుడు వచ్చే హెచ్చరికను బయాస్‌లో (విండోస్ కంటే ముందే నడిచే సెట్టింగుల్లో) ఆపేసి ఉంచారు. అది దానంతట అదే ఆగదు కదా.

రాత్రి రెండింటికి అమీర్‌పేట హాస్టల్లో ఉన్న జూనియర్‌ను లేపి, వాడి డెస్క్‌టాప్ మీద పని ముగించాను. తెల్లారాక తీరిగ్గా ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) ఎన్ని గంటలు వాడారో కూడా చూశాను. "ఒక్క ఏడాది ఆఫీసులో వాడిన పీసు సార్" అని అమ్మారు. డ్రైవ్ నడిచింది 11,400 గంటలు. రోజుకు ఎనిమిది గంటలేసుకున్నా నాలుగేళ్లకు కాస్త తక్కువ.

తప్పు నాదీ ఉంది. కౌంటర్ మీద యూట్యూబ్ వీడియో ఒకటి ఆడించి చూపిస్తే, స్క్రీన్ బాగుందని మురిసిపోయి డబ్బు కట్టేశాను. మీరు అలా చేయకండి. మీ పనిలో బరువైన ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, వాళ్లిచ్చే ఛార్జర్‌తోనే ఇరవై నిమిషాలు రెండర్ పెట్టించండి. బ్యాటరీ శాతం దిగుతుంటే అక్కడే వదిలేసి వచ్చేయండి. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచి ఉంటే కింద బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించండి. ఐ7 ప్రాసెసర్ అనగానే పడిపోకండి. ఆరో తరం ఐ7 6600యూలో ఉండేవి రెండే కోర్లు, పైగా మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11కు అర్హత కూడా లేదు.

షాపుకెళ్తే బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న లైను చూపించారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం తప్పే. ఆ మాట చెప్పి, వాళ్ల ముందే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. లైన్ కలవకముందే ఓనర్ కుర్చీ వేయించాడు. డబ్బు ఇవ్వలేదు గానీ 130 వాట్ల ఛార్జర్, వేరే బ్యాటరీ ఇచ్చాడు. బ్యాటరీ రిపోర్టు అక్కడే తీయించి చూసుకుని బయటపడ్డాను.

వచ్చేటప్పుడు చూశాను, అదే మోడల్ ఇంకో మూడు ఆ కౌంటర్ మీద ఉన్నాయి. మూడింటికీ తగిలించినవి 65 వాట్ల ఛార్జర్లే.