తెలుగు సంతకం చెక్కించిన 1911 పిస్టల్: కొన్నేళ్ల వాడకం తర్వాత

వారసత్వంగా ఇవ్వడానికి ప్రత్యేకంగా చేయించుకున్న పిస్టల్ అనగానే గురి ఎలా ఉంది, ట్రిగ్గర్ ఎంత మెత్తగా ఉంది అని అడుగుతారు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ 1911ను అమెరికా సైన్యం 1985 దాకా తన ప్రామాణిక పిస్టల్‌గా వాడింది కనుక ఆ విషయాల్లో నేను కొత్తగా చెప్పవలసినదేమీ లేదు. నేను రాసేదంతా స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు భాగం) ఎడమ పక్కన ఉన్న మా తాతగారి తెలుగు సంతకం గురించే.

ఊళ్లో ఆయనకు లైసెన్సు ఉన్న డబుల్ బారెల్ తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనులో జమ చేసి, అవి ముగిశాక తెచ్చుకునేవారు. ఆయన పోయాక మాలో ఎవరమూ లైసెన్సుకు దరఖాస్తు చేయలేదు. తుపాకీ స్టేషనుకే చేరింది. హ్యూస్టన్‌లో స్థిరపడి, ఇక్కడి పౌరసత్వం వచ్చాక, మా అమ్మాయికి తాతగారి గుర్తు ఒకటి మిగల్చాలనిపించి ఈ ఆర్డరు ఇచ్చాను.

దుకాణం వారు మొదట లేజర్‌తో చెక్కుతామన్నారు. నేను పేరు టైపు చేసి పంపితే, నా అనుమతి కోసం వారు పంపిన నమూనాలో ‘వెంకటేశ్వర్లు’ కాస్తా ‘వెంకటేశ్‌వర్‌లు’ అయి వచ్చింది. వత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడ్డాయి, పొల్లులు బయటపడ్డాయి. మన లిపుల అక్షరాలను కలిపి కూర్చే ఏర్పాటు లేని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలేనని శుభలేఖలు అచ్చువేయించిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. శుభలేఖనైతే చించేసి మళ్లీ వేయించుకోవచ్చు. రెండో నమూనాలో వత్తులు కుదిరాయి గాని ‘టే’ మీద ఏత్వం ఎగిరిపోయింది. అడగకుండానే నమూనా చూపించినందుకు మాత్రం వారిని మెచ్చుకోవాలి.

దాంతో లేజర్ మాట పక్కన పెట్టి, తాతగారు రాసిన ఒక ఇన్‌లాండ్ లెటరు చివరనున్న సంతకాన్ని స్కాన్ చేసి పంపి, చేత్తో చెక్కే పనివారికి అప్పగించమన్నాను. ఖర్చూ గడువూ రెండూ పెరిగాయి. చెక్కిన పెద్దమనిషికి తెలుగు ఒక్క అక్షరం రాదు. అయినా ఫోనులో మాట్లాడినప్పుడు ఆయన ఏమీ తడుముకోలేదు: రోమన్ అక్షరాల నిలువు గీతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుందట, ఈ గుండ్రని అక్షరాలు తాను రోజూ చెక్కే లతల పనికి దగ్గరగా ఉన్నాయట. ఆ పనిలో ఉలిని పెద్దగా తిప్పరు; తిరిగే బరువైన వైస్‌లో బిగించిన స్లైడ్‌నే ఉలి కిందికి తిప్పుకుంటూ పోతారు కనుక, వంపులు ముగ్గు వేసినట్టు ఒకే ఊపులో వచ్చాయి. దుకాణం వారు చూపించిన లేజర్ పనిలో గీతంతా ఒకే లోతు. ఇందులో గీత మలుపు దగ్గర లోతై కొసకు వచ్చేసరికి సన్నబడుతుంది, తాతగారి ఇంకు కలం ఒత్తిడి కూడా అలాగే ఉండేది. చివరి ‘ర్లు’ కొమ్మును ఆయన అనవసరంగా సాగదీసే అలవాటు సైతం ఉక్కులోకి దిగింది. మా నాన్నగారు వీడియో కాల్‌లో దగ్గరగా పెట్టి చూపించమని అడిగి, “ఇది నాన్న చేతిరాతే” అన్నారు.

చోటు ఎంచుకోవడంలోనూ చెక్కినాయన సలహాయే పనికొచ్చింది. తయారీదారు పేరు, ఊరు, సీరియల్ నంబరు వంటివి చట్టప్రకారం స్పష్టంగా కనిపించాలి. సీరియల్ నంబరును చెరపడం ఫెడరల్ నేరం. స్లైడ్ కుడి పక్క ఎక్కువ ఖాళీ ఉన్నా, కాల్చిన తూటాల తొడుగులు అటువైపే బయటికి వస్తాయి కనుక అవి తగిలి నొక్కులు పడతాయని ఆయన వారించారు.

మొదటి ఏడాది నేను అందరి దగ్గరా పిస్టల్‌తో వచ్చిన వాల్‌నట్ పెట్టెను కూడా పొగిడాను. ఇప్పుడు ఆ పొగడ్త పెట్టె పైభాగానికే పరిమితం. లోపలి వెల్వెట్ ఉక్కు మీది నూనెను పీల్చుకుని, హ్యూస్టన్ గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. ఉక్కుకు నలుపునిచ్చే బ్లూయింగ్ అనే పూత కూడా ఒక రకం ఐరన్ ఆక్సైడ్ పొరే కనుక, నూనె తోడు లేనిదే తుప్పును ఆపే శక్తి దానికి చాలా తక్కువ. ఒక వేసవి చివర పెట్టె తెరిస్తే ‘శ్వ’ కింది వత్తు మలుపులో ఎర్రని పొడి కనిపించింది. చదునైన చోటైతే గుడ్డతో తుడిస్తే పోయేది, గాడిలోకి గుడ్డ దిగదు. దుకాణం వారు మొత్తం పాలిష్ చేసి మళ్లీ బ్లూయింగ్ చేస్తామన్నారు, అదీ డబ్బుకే. పాలిష్ అంటే లోహాన్ని కొంత అరగదీయడమే, అక్షరాల అంచులు మొద్దుబారతాయని చెక్కినాయన వద్దన్నారు. నూనెలో నాననిచ్చి, సన్నని కంచు పీచుతో ఓపికగా తీస్తే తుప్పు ఆగింది గాని, రెండు చోట్ల నలుపు పోయి బూడిదరంగు మిగిలింది. ఇందులో దీర్ఘకాలం ఉంచవద్దని పెట్టెతో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. తరతరాల వస్తువని చెప్పి అంత సొమ్ము తీసుకున్నవారు ఒక్క వాక్యం రాసి ఉండవలసింది. పిస్టల్ ఇప్పుడు సిలికాన్ పూసిన సంచిలో, తేమను తగ్గించే కడ్డీ అమర్చిన సేఫ్‌లో ఉంటోంది.

భాగాల బిగువు గురించి కూడా మొదట్లో గొప్పగానే చెప్పాను. ఆ బిగువు వల్లనే తొలినాళ్లలో స్లైడ్ పూర్తిగా ముందుకు రాక తరచు ఆగేది. చాలా తూటాలు కాల్చాక సర్దుకుంది.

ఇక్కడి తెలుగువారు ఒకటి గమనించాలి. హెచ్‌-1బి వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్నే ఫెడరల్ చట్టం, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులతో, నిషేధిస్తుంది. మిగిలినవారు కూడా కస్టమ్ పిస్టల్‌ను సొంత రాష్ట్రంలోని డీలరు దగ్గర తుపాకీ కొనేవారు నింపే ఫెడరల్ 4473 ఫారం నింపి, సాధారణంగా నేపథ్య తనిఖీ అయ్యాకే తీసుకోవాలి. మా అమ్మాయి మరో రాష్ట్రంలో ఉంటుంది; నేను బతికుండగా బహుమతిగా ఇస్తే అక్కడి డీలరు ద్వారానే వెళ్లాలి. వీలునామా ద్వారా సంక్రమిస్తే ఫెడరల్ చట్టంలో ఆ నిబంధన వర్తించదు గాని, ఆ రాష్ట్రం నిబంధనలు వేరే చూసుకోవాలి.

పొడి గాలి ఉన్న ఊళ్లో ఉంటూ, బాగా కాపాడుకోగలవారైతే నల్ల ఉక్కు మీదే చేయించుకోమంటాను. తేమ ఊళ్లో ఉండి, కాల్పుల సాధనకు రేంజికి కూడా తీసుకెళ్లేవారికి స్టెయిన్‌లెస్ మేలు, సంతకం అంత స్పష్టంగా కనిపించకపోయినా. మా అమ్మాయి దీన్ని తీసుకుంటానని గాని వద్దని గాని ఇంకా చెప్పలేదు కనుక, పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందో లేదో నేను ఇప్పుడే తేల్చలేను. చేతితో చెక్కించినందుకు మాత్రం ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టాననుకోను.