పెద్ద ట్యాంక్ కోసం హైదరాబాద్‌లో మూడు రోజులు

మా ఇంట్లో నాలుగేళ్లుగా రెండడుగుల ఉప్పునీటి ట్యాంక్ ఉంది. 60×40×40 సెంటీమీటర్లు, అంచుదాకా నింపినా వంద లీటర్లు పట్టదు. అందులో ఒక జత క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, రాళ్ల మీద పరుచుకున్న జోవాలు, కొన్ని మష్రూమ్‌లు ఉన్నాయి. ఈ రెండూ మెత్తటి పగడాల్లాంటి జీవులు. ఎండాకాలంలో మధ్యాహ్నం కరెంటు పోతే గంట తిరిగేసరికి థర్మామీటర్ పైకి కదులుతుంది, నాకు టెన్షన్ మొదలవుతుంది. నీళ్లు ఎక్కువ ఉంటే వేడైనా ఉప్పైనా నెమ్మదిగా మారతాయి, మనకు సర్దుకునే టైమ్ దొరుకుతుంది. అందుకే నాలుగడుగుల ట్యాంక్‌కి మారాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. మా అమ్మాయికి మాత్రం ఒకటే కోరిక: నీలి టాంగ్ చేప కావాలి.

ఫోన్లో ధరలు అడిగి విసుగొచ్చింది. ఏప్రిల్ రెండో వారంలో మూడు రోజులు సెలవు పెట్టి, తమ్ముణ్ని వెంటబెట్టుకుని హనుమకొండ నుంచి హైదరాబాద్ బయల్దేరాను. ఉప్పల్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాకా ఒకే లైను, రైలు మారే పని లేదు. సామాను చూడ్డానికి ఊరంతా తిరగాల్సిన వాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

బస విషయంలో మొదటి రోజు తప్పు చేశాం. తక్కువలో వస్తుందని సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జిలో 1,300కి ఏసీ గది తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది. జనరేటర్ మీద ఒక లైటు, ఒక ఫ్యాన్ తప్ప ఏసీ నడవదని అప్పుడు చెప్పారు. మామూలు ప్రయాణమైతే సర్దుకుపోయేవాళ్లం. కానీ చివరి రోజు పగడపు ముక్కలు కొనుక్కుని వెళ్లాలనుకున్న నాకు ఆ గది పనికిరాదు. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి అమీర్‌పేటలో చిన్న సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. అక్కడ రాత్రికి 2,200. బిల్డింగ్ మొత్తానికి జనరేటర్ ఉంది, వంటగట్టు ఉంది, బకెట్లు ఉన్నాయి. చేపల డబ్బా గదిలో పెట్టుకుంటామని ముందే చెబితే కింద కూర్చున్న అబ్బాయి అభ్యంతరం పెట్టలేదు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఆ తొమ్మిది వందలకు వెనకాడొద్దని చెబుతాను. గది తీసుకునేముందే "ఏసీ జనరేటర్ మీద నడుస్తుందా?" అని అడగండి.

మొదటి రోజు రెండు దుకాణాలు చూశాం. ఒకదాంట్లో లోపలికి అడుగుపెట్టగానే నీలి లైట్లు, నాలుగడుగుల షో ట్యాంక్, అందులో నీలి టాంగ్ ఈదుతోంది. చూస్తే ఎవరికైనా మనసు పారేసుకోవాలనిపిస్తుంది. "నాలుగడుగుల్లో హాయిగా ఉంటుంది మేడమ్, టెన్షన్ లేదు" అన్నాడు దుకాణదారు. నీలి టాంగ్ పెరిగితే అడుగు పొడవుంటుంది, రోజంతా ఈదుతూనే ఉండే చేప. నాలుగడుగుల్లో దానికి రెండు మలుపులు తిరిగే జాగా కూడా మిగలదు. నాకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఆగాను, తెలియనివాళ్లు ఆ మాట నమ్మి కొనేస్తారు.

అక్కడే ఇంకోటి చూశాను. మూల ట్యాంక్‌లో గట్టి పగడాలు, మెదడులా మడతలు పడ్డవి, కొమ్ములున్నవి. బిల్లు ఇస్తారా అంటే ఇవ్వమన్నారు. ఎక్కడివంటే "రామేశ్వరం వైపు నుంచి వస్తాయి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మన సముద్రాల్లో రీఫ్, అంటే పగడపు దిబ్బ, కట్టే గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో చేర్చారు. సముద్ర గుర్రాలనూ అప్పుడే చేర్చారు. మన్నార్ సింధుశాఖలో 21 దీవులు కలిపి సముద్ర జాతీయ పార్కు చేసింది కూడా ఆ రీఫ్ కోసమే. అక్కడ విరిచి తెచ్చిన ముక్క మా హాల్లో ఎంత అందంగా మెరిసినా దాన్ని రోజూ చూస్తూ కూర్చోలేను. బయటి దేశాల నుంచి వచ్చిన గట్టి పగడమైతే దిగుమతి కాగితాలు ఉండాలి. కాగితం చూపించని చోట కొనకండి. జోవాలు, మష్రూమ్‌లు ఆ గట్టి పగడాల కోవలోకి రావు. మొదటి ట్యాంక్‌కి అవే చాలని నా అభిప్రాయం. పైగా సాటి పెంపకందార్ల ఇళ్లలో పెరిగిన ముక్కలు దొరుకుతాయి కాబట్టి సముద్రం జోలికి పోయే అవసరమే ఉండదు.

రెండో దుకాణం ఇరుకు. లైట్లు కూడా సాదావే. కానీ ప్రతి ట్యాంక్ అద్దం మీద మార్కర్‌తో చేపలు దిగిన తేదీ రాసుంది. చెన్నై నుంచి ముందురోజే వచ్చిన పెట్టెలోని క్లౌన్‌లను అడిగితే అమ్మనన్నాడు కుర్రాడు. "నిన్ననే దిగినయ్ అక్కా, ఇంకా మేత సరిగ్గ తింటలేవు. పది రోజులు పోనియ్." నేను చూస్తుండగానే నీళ్లలో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తెచ్చి రెండు చుక్కలు వేసి కిటికీ వైపు పెట్టి నా చేతికిచ్చాడు. నీలం, తెలుపు కలిసే గీత సరిగ్గా 1.025 మీద ఉంది. అమ్మకం వదులుకునే దుకాణం మీద నాకు గురి కుదురుతుంది. ముక్కలు అక్కడే కొనాలని ఆ నిమిషంలోనే అనుకున్నాను.

రెండో రోజు ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా ఉపయోగపడ్డ రోజు. తమ్ముడి స్నేహితుడి ద్వారా కూకట్‌పల్లిలో ఒకాయన ఇంటికి వెళ్లాం. ఆయన దగ్గర నాలుగడుగుల పగడాల ట్యాంక్ ఏడేళ్లుగా నడుస్తోంది. టీ తాగాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ట్యాంక్ ఎక్కడ పెడుతున్నవ్ చెల్లె?"

"పైన హాల్లో అన్నా, మొదటి అంతస్తు. సోఫా ఎదురుగా."

ఆయన కాగితం తీసుకుని లెక్కేశారు. 120×60×60 ట్యాంక్ అంటే 432 లీటర్లు. ఉప్పునీళ్లు కాబట్టి బరువు 440 కిలోల పైమాటే. 12 ఎంఎం అద్దం 85 కిలోలు, రాళ్లు 40, స్టాండు లోపల ఉండే రెండో తొట్టి, అంటే సంప్‌లో ఇంకో వంద లీటర్లు, ఇనుప స్టాండు. అన్నీ కలిపితే ఏడున్నర వందల కిలోలు. అదంతా చదరపు మీటరు కూడా లేని జాగాలో పడుతుంది. ఇళ్లలో గదుల స్లాబ్‌కి ఐఎస్ 875 అనే భారత ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. అది గది అంతటికీ సర్దిన లెక్క కాబట్టి ఒకచోట ఎక్కువైనంత మాత్రాన కూలిపోదు. కానీ బీమ్ ఎక్కడుందో చూడకుండా గది మధ్యలో పెట్టడం మాత్రం పొరపాటే. ముందురోజు రెండు దుకాణాల్లోనూ అద్దం మందం, లైట్ల రంగు గురించి గంటసేపు మాట్లాడాం. ఇల్లు ఎలాంటిదని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత ఆయన స్టాండు తలుపు తీసి నేల మీద కూర్చున్నారు, నేనూ పక్కన కూర్చున్నాను. సంప్ అంచుకు నాలుగు వేళ్ల కింద నీలి టేపు అంటించి ఉంది. నీళ్లు దానికి జానెడు కింద ఉన్నాయి. "చూడు" అని నీళ్లను పైకి తోసే పంపు ప్లగ్గు తీశారు. పై ట్యాంక్‌లోంచి నీళ్లు గొట్టంలో గుడగుడమంటూ దిగడం మొదలైంది. సంప్‌లో మట్టం నిదానంగా పెరిగింది. టేపు దగ్గరికి వచ్చింది, అంచుదాకా పోతుందేమోనని నేను ఊపిరి బిగబట్టాను. టేపును తాకి ఆగింది. పైన, పంపు గొట్టం నీళ్లలోకి దిగేచోట, మట్టానికి కాస్త కింద ఒక చిన్న రంధ్రం చూపించారు. మట్టం అక్కడికి దిగగానే గొట్టంలోకి గాలి దూరి వెనక్కి లాగడం ఆగిపోతుంది. ఆ రంధ్రంలో పాచి పడితే గాలి దూరదు, అప్పుడు సంప్ పొంగి హాలంతా నీళ్లే. అందుకే ప్రతి ఆదివారం పళ్లపుల్లతో దాన్ని పొడిచి శుభ్రం చేస్తారట. నేను ఎన్ని నెలలు చదివినా ఈ రంధ్రం సంగతి తలకెక్కలేదు, అక్కడ నేల మీద కూర్చుంటే రెండు నిమిషాల్లో అర్థమైంది.

కరెంటు గురించి కూడా ఆయన మాట స్పష్టం. నీళ్లను చల్లబరిచే చిల్లర్, లైట్లు ఇన్వర్టర్ మీద వేయొద్దు. నీళ్లు కదిలించే అలల పంపు ఒక్కటే వేయాలి. అది 20, 25 వాట్లే తింటుంది కాబట్టి 150 ఏహెచ్ బ్యాటరీ మంచిదైతే ఒక రోజు పైనే లాగుతుంది. చేపలు ముందు ఇబ్బంది పడేది ప్రాణవాయువుకు, పైన నీళ్లు కదులుతుంటే అది అందుతూనే ఉంటుంది. చిల్లర్‌ను ఆయన బాల్కనీలో పెట్టి గొట్టాలు లోపలికి లాగారు. స్టాండు కింద మూసి పెడితే అది వదిలే వేడి మళ్లీ ట్యాంక్‌కే తగులుతుంది. ఎండాకాలం పొడిగాలికి నీటిపై చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కానీ రోజుకు లీటర్ల కొద్దీ నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి మళ్లీ పోయాల్సింది మంచినీళ్లే, ఉప్పునీళ్లు కాదు. వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి ఆ ఫ్యాన్ పెద్దగా పనిచేయదు. మా ఊరి ఎండకు చిల్లర్ తప్పదని అక్కడే తేలిపోయింది.

నీళ్ల లెక్క కూడా వేశాం. వారానికి పదో వంతు మార్చాలన్నా 45, 50 లీటర్లు కావాలి. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, ఏడు వందలు దాటుతుంది. ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ గొట్టం పెట్టి సున్నాకి తేవాలి. 50 లీటర్లు వడకడితే దానికి మూడు రెట్లు బయటికి పోతాయి. ఆయన ఆ నీళ్లను డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములకు వాడతారు. ఇంత నీళ్లు మురికి కాలువలోకి వదలడం నాకూ ఇష్టం లేదు, రెండు డ్రమ్ములు జాబితాలో రాసుకున్నాను.

మూడో రోజు పొద్దున బాలానగర్ వైపు ట్యాంకులు చేసే ఒకాయన షెడ్డుకు వెళ్లాం. దుకాణంలో మొత్తం సెట్ 85,000 చెప్పారు, చిల్లర్ కాక. ఇక్కడ ట్యాంక్, సంప్ కలిపి 38,000, ఇనుప స్టాండు 14,000. హనుమకొండకు టాటా ఏస్‌లో చేర్చడానికి వేరే 6,000. లైట్లు, పంపులు మనం విడిగా కొనుక్కోవాలి, అయినా మనకు కావాల్సినట్టు చేయించుకోవచ్చు. ఆయన రెండు అద్దం ముక్కలు తెల్లకాగితం మీద నిలబెట్టి అంచు చూడమన్నారు. మామూలుదాని అంచు సీసా పచ్చగా ఉంది, ఎక్స్‌ట్రా క్లియర్‌ది లేత నీలంగా ఉంది. ఇనుము శాతం తగ్గించడం వల్ల ఆ తేడా వస్తుంది. ముందూ పక్కలూ క్లియర్ వేసి, వెనకా అడుగూ మామూలుది వేస్తే డబ్బు కలిసొస్తుందని ఆయనే చెప్పారు. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం వేస్తారా అంటే, టఫెన్ చేశాక రంధ్రం వేయబోతే అద్దం పొడి పొడి అవుతుంది, నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో రంధ్రాలు ముందే తేల్చుకోవాలన్నారు. సిలికాన్ ఆరాక మూడు రోజులు నీళ్లు నింపి పెట్టి, నేను వచ్చి చూశాకే బండెక్కిస్తానన్నారు. ఈ పనిలో నాకు బాగా నచ్చిన సేవ ఇదే.

మధ్యాహ్నం ఆ ఇరుకు దుకాణంలో మూడు జోవా ముక్కలు కొన్నాం. కుర్రాడు ఒక్కో ముక్కకు రెండు కవర్లు వేసి, థర్మోకోల్ డబ్బాలో పాత పేపర్లు కుక్కి టేపు చుట్టాడు, బిల్లూ ఇచ్చాడు. ఉప్పల్‌లో ఏసీ బస్సెక్కి డబ్బాను కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఇంటికొచ్చి కవర్లో థర్మామీటర్ పెడితే 27 డిగ్రీలు. మర్నాటికి మూడూ విచ్చుకున్నాయి.

ఇంట్లో అందరికీ కూకట్‌పల్లి అన్న బరువు లెక్కేసిన కాగితం చూపించాను. కింది గదిలో ఉత్తరం గోడ పక్కన మామయ్య మంచం ఉంటుంది. పడమటెండ పడని గోడ, కింద స్లాబ్ లేకుండా నేల మీదే నిలిచే జాగా, ఇంట్లో అదొక్కటే. అడగడానికి మొహమాటపడ్డాను. ఆయనే అన్నారు: "మంచం ఆ పక్కకు జరుపు బిడ్డా. నాకూ పడుకుని చూడొచ్చు."

సుద్దముక్కతో 120×60 గీసి వారం రోజులు దాని చుట్టూ తిరిగాం. మొదటి రోజే తలుపు రెక్క గీత మీదికి వచ్చింది, నాలుగంగుళాలు జరిపాం. స్టాండు మీద ఎత్తు ఎంతొస్తుందో స్టూలు పెట్టి చూస్తే, 60 లోతులో అడుగున పడ్డ ముక్కను తీయడానికి నా చెయ్యి అందదు. షెడ్డుకు ఫోన్ చేసి ఎత్తు 50కి తగ్గించమన్నాను. నీళ్లు 360 లీటర్లకు వస్తాయి, బరువూ 70 కిలోలకు పైగా తగ్గుతుంది. పదివేలు అడ్వాన్స్ పంపాను, 25 రోజులు పడుతుందన్నారు.

అమ్మాయికి నీలి టాంగ్ ఎందుకు వద్దో స్కేలు పెట్టి చూపించాను. అడుగు స్కేలును 120 గీత మీద ఉంచి, చేప ఇంత, ఇల్లు ఇంత అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక చిన్న గోబీ, దానితో కలిసి ఉండే పిస్టల్ రొయ్య అడిగింది. అవి తెస్తాను.

కొత్త ట్యాంక్ వచ్చాక పాతది వెంటనే తీయం. పాత ఇసుకను అసలు కదిలించం, అడుగున పేరుకున్న మురికి కొత్త నీళ్లలో కలిస్తే చేపలకు ప్రమాదం. కొత్త ఇసుక, కొత్త రాళ్లు, వాటితోపాటు పాత ట్యాంక్‌లోంచి రెండు రాళ్లు పెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు చేపలకు విషమైన అమోనియా, నైట్రైట్ ఎంతున్నాయో పరీక్షలు చేస్తాను. రెండూ సున్నా మీద నిలిచాక ముందు మష్రూమ్‌లు, తర్వాత జోవాలు, రొయ్య. క్లౌన్ జత అన్నిటికన్నా చివర.