టెలిగ్రామ్‌లో "సపోర్ట్" అని మెసేజ్ చేసేటోడు సపోర్ట్ కాదు, 520 యుఎస్‌డిటి పోగొట్టుకుని చెప్తున్న

క్రిప్టో కొనేటోళ్లు జర ఇది చదవండి. మొన్న శనివారం రాత్రి మియాపూర్‌లో మా ఇంట్ల కూర్చొని నా చేతులతోటి నేనే 520 యుఎస్‌డిటి (ఒక్కోటి దాదాపు ఒక డాలర్ విలువ ఉండే క్రిప్టో కాయిన్) ఒక దొంగోడికి పంపిన, మన లెక్కల 46 వేల దాకా అయితది. ఎవడో ఫోన్ హ్యాక్ చేసి తీసుకోలే, నేనే కాపీ పేస్ట్ చేసి సెండ్ నొక్కిన.

ఏమైందంటే క్రిప్టో కొని అమ్మే ఎక్స్‌ఛేంజ్ యాప్ నుంచి నా వాలెట్‌కి (క్రిప్టో దాచుకునే నా సొంత యాప్) 310 యుఎస్‌డిటి విత్‌డ్రా పెట్టిన, సాయంత్రం నుంచి పెండింగ్ అనే చూపిస్తుంది. ఎక్స్‌ఛేంజ్ పేరు ఎందుకులే, ఈ విషయంలో వాళ్ల తప్పేం లేదు. యాప్‌లో టికెట్ పెట్టి ఆగాల్సింది పోయి, ఓపిక లేక రాత్రి పదకొండింటికి వాళ్ల టెలిగ్రామ్ గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి "ఎందుకు రాలేదు" అని అడిగిన. గ్రూప్‌లో ఎవరూ జవాబియ్యలే గానీ రెండు నిమిషాల్లో ప్రైవేట్‌గా మెసేజ్ వచ్చింది. అదే లోగో, అదే పేరు, పక్కన నీలం టిక్ లాంటిది. ఆ టిక్ టెలిగ్రామ్ ప్రీమియం కొన్నోడు ఎవడైనా పేరు పక్కన పెట్టుకునే ఇమోజీ అని నాకు తర్వాత తెలిసింది. "సార్ మీ 310 విత్‌డ్రాయల్ ఆగింది కదా" అన్నడు. అమౌంట్ కరెక్ట్‌గా చెప్పిండంటే లోపలి మనిషే అనుకున్న, నేను పెట్టిన స్క్రీన్‌షాట్‌లోనే ఆ అంకె ఉందన్న సోయి లేదు నాకు.

ముందు వాలెట్ 12 పదాలు అడిగిండు, అదే వాలెట్‌కి తాళంచెవి లాంటి సీడ్ ఫ్రేజ్. ఇయ్యలే. సీడ్ ఫ్రేజ్ ఎవరికీ ఇయ్యొద్దని నాకు తెలుసు సార్ అని పెద్ద తెలివిగా చెప్పిన, వాడు కూడా "వెరీ గుడ్ సార్, అస్సలు ఇయ్యకండి" అన్నడు. అక్కడే పడిపోయిన నేను. తర్వాత మీ వాలెట్ సింక్ కాలే, అందులో ఉన్న బ్యాలెన్స్ వాలిడేషన్ అడ్రస్‌కి పంపితే ఆ 310 కూడా కలిపి పది నిమిషాల్లో వెనక్కొస్తది అన్నడు, టి తోటి మొదలయ్యే, ట్రాన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ అడ్రస్ పంపిండు, నేను పంపిన. అసలు వాలెట్ సింక్ చేయనీకి పైసలు పంపుడేంది? ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తుంది.

పది నిమిషాల తర్వాత కొత్త పాట. గవర్నమెంట్ టాక్స్ 30 శాతం కడితేనే రిలీజ్ అయితది, 156 యుఎస్‌డిటి పంపండి అన్నడు. అప్పుడు వెలిగింది. క్రిప్టో లాభం మీద 30 శాతం టాక్స్ నిజమే, 2022 ఏప్రిల్ నుంచి ఉంది, కానీ అది మనం రిటర్న్ ఫైల్ చేసేటప్పుడు కట్టేది. అమ్మినప్పుడు పడే 1 శాతం టీడీఎస్ ఎక్స్‌ఛేంజే కట్ చేస్తది. టెలిగ్రామ్‌లో అడ్రస్ ఇచ్చి టాక్స్ వసూలు చేసే డిపార్ట్‌మెంట్ యాడ లేదు.

ఆ రాత్రే మా బామ్మర్ది వచ్చి వాడి యూజర్‌నేమ్ కాపీ చేసి కంప్యూటర్‌లో అన్నీ స్మాల్ లెటర్స్‌లోకి మార్చి చూపించిండు. అసలుదాంట్లో స్మాల్ ఎల్ ఉన్న చోట వీడు క్యాపిటల్ ఐ పెట్టిండు, ఫోన్‌లో రెండూ ఒకటే నిలువు గీత లెక్క కనిపిస్తయి, తేడా దేవుడు కూడా పట్టలేడు. ఇంకో రకం కూడా ఉంది, కొందరు అసలు యూజర్‌నేమ్ పెట్టుకోకుండా బయోలో అసలు అడ్మిన్ యూజర్‌నేమ్ రాసి పెడ్తరు, చూసినోళ్లకి అదే వీడి ఐడీ అనిపిస్తది. అందుకే పేరు, ఫోటో, బయో మూడూ వదిలేయండి, గ్రూప్ అడ్మిన్ లిస్ట్‌లోకి పోయి అక్కడి నుంచి ప్రొఫైల్ ఓపెన్ చేసి చూడండి. అసలు అంత దూరం కూడా అవసరం లేదు, సపోర్టోళ్లు ముందుగా ప్రైవేట్ మెసేజ్ చేసిండ్రంటేనే బ్లాక్ కొట్టి యాప్ లోపలి సపోర్ట్‌కి పోండి. వాట్సాప్‌లో దోస్త్ ఫోటో పెట్టి కొత్త నంబర్ నుంచి "అర్జెంట్‌గా యుఎస్‌డిటి కావాలి మామా" అని వచ్చినా అంతే, పాత నంబర్‌కి కాల్ చేసి గొంతు వినండి.

తెల్లారి ఏడింటికి ఏమైందో తెలుసా, ఆ 310 దానంతట అదే వాలెట్‌లో పడింది. ఉత్త రివ్యూలో ఉండెనంట.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేసిన, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ కూడా పెట్టిన. యూపీఐలో పోయిన డబ్బైతే తొందరగా చెప్తే బ్యాంక్ అకౌంట్‌లో ఆపే చాన్స్ ఉంటది, నాది వాలెట్ నుంచి వాలెట్‌కి పోయింది, మధ్యలో ఆపనీకి బ్యాంకే లేదు. ట్రాన్ లావాదేవీలు చూపించే ట్రాన్‌స్కాన్ సైట్‌లో చూస్తే నా 520 ఆ అడ్రస్‌లో పావుగంట కూడా నిలవలే. ఇది చాలదన్నట్టు మంగళవారం ఇంకొకడు "ఎథికల్ హ్యాకర్‌ని, మీ పైసలు తెచ్చిస్తా, ఫీజు 100 యుఎస్‌డిటి" అని వచ్చిండు. నేను పోగొట్టుకున్నట్టు గ్రూప్‌లో రాసిన కదా, అది చదివి వచ్చినోడే.

ఇంకొక మాట, నేను చేసిన అన్నిట్ల పెద్ద తప్పు ఇదే. వాడిని తిట్టి ఫోన్ పక్కన పడేసి, పొద్దున కంప్లైంట్ కోసం చాట్ తెరిస్తే అక్కడ చాటే లేదు. టెలిగ్రామ్‌లో ఎవరైనా ప్రైవేట్ చాట్‌ని రెండు వైపులా డిలీట్ చేయొచ్చు. పోలీసులకి ఇయ్యనీకి నా దగ్గర మిగిలింది ట్రాన్సాక్షన్ ఐడీ, రాత్రి బామ్మర్దికి పంపిన రెండు స్క్రీన్‌షాట్లు. డౌట్ వస్తే వాడితో కొట్లాడకండి, ముందు పైనుంచి కింది దాకా స్క్రీన్ రికార్డ్ చేసి, యూజర్‌నేమ్ కాపీ చేసి పెట్టుకుని, తర్వాత తిట్టుకోండి ఎంత తిట్టుకుంటరో.