పంజాగుట్టలో మెట్లెక్కి కొన్న సింగపూర్ డాలర్లు

హన్మకొండలో ముప్ఫై ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాను. కందిపప్పు ఎప్పుడు ఎక్కుతుందో, ఎప్పుడు దిగుతుందో చాలావరకు ముందే పసిగడతాను. ఆ ధీమాతోనే 2025లో సింగపూర్ డాలర్ మీద కూడా లెక్కలు వేశాను. సింగపూర్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి ఆగస్టు మూడో వారంలో టికెట్లు. జూన్ మొదట్లో ఫోన్‌లో చూస్తే డాలరు 66 రూపాయల చిల్లర. 65కి దిగాక కొందామనుకున్నాను.

రోజూ షట్టర్ తీయగానే పప్పు ధర, ఆ వెంటనే డాలరు ధర చూడటం అలవాటైంది. జూలై సగానికి 67. అయినా నా మొండితనం నాది. చివరికి మా ఆవిడే అంది, "అది దిగేదాకా మనమిక్కడే కూర్చుంటే మనవరాలికి పెళ్లీడు వస్తది" అని. అప్పుడు కదిలాను.

ముందు మా బ్యాంకుకే వెళ్లాను. కరెంట్ అకౌంట్ ఉంది, మేనేజర్ పలకరిస్తాడు, తక్కువకే ఇస్తారనుకున్నాను. సింగపూర్ నోట్లు బ్రాంచిలో ఉండవట, హైదరాబాద్ నుంచి తెప్పించాలట, మూడు నాలుగు రోజులు పడుతుందట. రేటు అడిగితే 69.90. ఫోన్‌లో 67 ఉంది కదా అంటే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నవ్వి, "అది మధ్య ధర అంకుల్, ఆ ధరకు మీకు ఎవరూ ఇవ్వరు" అంది. ఆ మాట నిజం. గూగుల్‌లో కనిపించేది పెద్ద పెద్ద బ్యాంకులు వాళ్లలో వాళ్లు లక్షల డాలర్లు కొనే ధరకూ అమ్మే ధరకూ నడిమిది. మార్కెట్ యార్డులో క్వింటాల్ ధర చూసుకుని వచ్చి నా కొట్టులో కిలో అదే లెక్కన ఇమ్మంటే నేను ఇస్తానా?

పెళ్లికని హైదరాబాద్ వెళ్లినప్పుడు పంజాగుట్టలో ఒక మనీ చేంజర్ దగ్గరికి వెళ్లాను. చుట్టాలబ్బాయి చెప్పిన చోటు. ఇవాళ్టి నా రివ్యూ ముఖ్యంగా దాని గురించే. కింద మొబైల్ కవర్ల షాపు, పక్కన ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు. పైన అద్దాల గది, రెండు కంప్యూటర్లు, ఒక నోట్లు లెక్కపెట్టే మెషీన్, గోడకు రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన లైసెన్సు ఫ్రేమ్ కట్టి ఉంది. ఆ ఫ్రేమ్ నేను దగ్గరకెళ్లి చదివాను. ఎందుకంటే మెట్ల దగ్గర ఒకతను "బిల్లు లేకుండా అయితే ఇంకా తక్కువకు ఇప్పిస్త" అని గొణిగాడు. బిల్లు లేని సరుకు కొంటే ఏమవుతుందో దుకాణదారుడికి ఒకరు చెప్పాలా? దొంగనోటు వస్తే ఎవరిని అడుగుతాం?

బోర్డు మీద రెండు వరసలు. వాళ్లు కొనే ధర ఒకటి, అమ్మే ధర ఇంకొకటి. సింగపూర్ డాలరు అమ్మేది 68.40. చాలామంది ఈ బోర్డు చూసి డబ్బు తీసేస్తారు. నేను తీయలేదు. "వెయ్యి డాలర్లు కావాలి బాబూ, చివరి మాట చెప్పు" అన్నాను. ఆ కుర్రాడు లోపలికి వెళ్లి వచ్చి 67.80 అన్నాడు. ఇంకో షాపుకు ఫోన్ చేస్తున్నట్టు జేబులోంచి ఫోన్ తీశాను. 67.60 దగ్గర తెగింది. బేరంతో 800 రూపాయలు మిగిలాయి. అక్కడ బేరం ఆడటం తప్పు కాదు, వాళ్లూ ఆ లెక్క వేసుకునే బోర్డు రాస్తారు. బంగారం కొట్టులో తరుగు, మజూరీ తగ్గించమని అడగమా? ఇదీ అలాంటిదే.

ఇక కాగితాలు. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు, వీటి నకళ్లు. ఏ2 అని ఒక ఫారం, దానిమీద ఎందుకు వెళ్తున్నామో రాసి సంతకం. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే కొనుక్కోవచ్చని అక్కడే తెలిసింది. నేను చేసిన పొరపాటు, గల్లా పెట్టెలోంచి 70 వేలు నగదు పట్టుకుపోవడం. "అంకుల్, క్యాష్ యాభై వేల వరకే తీసుకుంటం, అంతకు మించితే మొత్తం అకౌంట్ నుంచే రావాలె" అన్నాడు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన అది. ఎంత బతిమాలినా వినలేదు, నిజానికి అందుకే వాడి మీద నమ్మకం కుదిరింది. దుకాణంలో ఉన్న మా పెద్దోడికి ఫోన్ చేసి, నా ఖాతా నుంచి ఆన్‌లైన్‌లో పంపించేసరికి ముప్పావు గంట. నగదు అలాగే తిరిగి ఇంటికి తెచ్చాను, బస్సులో సంచీని ఒళ్లోంచి దించలేదు.

జీఎస్టీ గురించి భయపడాల్సింది లేదు. మొత్తం సొమ్ము మీద 18 శాతం కాదు. లక్ష రూపాయల వరకు అందులో ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కేసి, ఆ ఒక్క శాతం మీద 18 శాతం వేస్తారు. 67,600కి నాకు పడింది 122 రూపాయలు. ఎంత తక్కువ కొన్నా 45 మాత్రం తప్పదు. మా వీధిలో ఒకాయన, డాలర్లు కొంటే ఇరవై శాతం టాక్స్ పట్టుకుంటారని రెండు నెలలు నన్ను హడలగొట్టాడు. ఆయన చెప్పింది టీసీఎస్ సంగతి, అంటే విదేశీ డబ్బు అమ్మేవాళ్లే మన దగ్గర ముందుగా వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటితేనే అది. నాలాంటివాడికి ఆ గొడవే లేదు. అసలు నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 అమెరికన్ డాలర్ల విలువకు మించి చాలా దేశాలకు ఇవ్వరు కూడా.

బిల్లు చూస్తే "సర్వీస్ ఛార్జి 100" అని ఇంకో వరస ఉంది. ముందు చెప్పలేదు. అడిగితే తీసేశాడు. అడగనివాళ్ల దగ్గర తీసుకుంటున్నట్టే కదా. ఇంకో లోటు, నోట్లన్నీ వందలే ఇచ్చాడు, చిన్నవి లేవన్నాడు. టాక్సీ దిగి వంద డాలర్ల నోటు చూపిస్తే ఎవరు చిల్లర ఇస్తారు? ఈ రెండిటికీ ఒక మార్కు తీసేసి అయిదుకు నాలుగు ఇస్తున్నాను.

ఆ రోజు వెయ్యే కొన్నాను. ఇంకో అయిదొందలకు డబ్బు ఉంది, కానీ నాలో వ్యాపారి ఊరుకోలేదు. కొంత ఇప్పుడు, కొంత దిగాక. ఆగస్టు మొదట్లో అమెరికావాళ్లు మన సరుకుల మీద సుంకాలు పెంచుతున్నారని వార్తలు, రూపాయి జారడం మొదలైంది. అది నా చేతిలో ఉన్న విషయమా? సింగపూర్‌వాళ్ల డాలరు సంగతి వేరే. దాన్ని అక్కడి ద్రవ్య సంస్థ కొన్ని దేశాల కరెన్సీల బుట్టతో పోల్చి ఒక హద్దులో నడిపిస్తుందని అల్లుడు చెప్పాడు. అది స్థిరంగా ఉంటుంది, మనదే జారుతుంది. ఆగస్టు మధ్యలో అదే షాపులో మిగతా అయిదొందలు 68.85కి కొన్నాను. ఆగినందుకు 625 రూపాయలు పోయాయి. రెండు నెలలు ఫోన్ చూసిన కూలి గిట్టలేదు సరే, నష్టం కూడా నిజానికి అంతే.

అసలు దెబ్బ శంషాబాద్‌లో తగిలింది. లగేజీ వేసి లోపలికి వెళ్లాక మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి పదిహేను వేలు తీసింది. పోపులడబ్బాలో కూడబెట్టినవట. మనవరాలికి అక్కడ ఏదైనా కొనిపెట్టాలని నాకు చెప్పకుండా తెచ్చింది. "వీటిని కూడా డాలర్లు చెయ్యి" అంది. అక్కడి కౌంటర్‌లో రేటు 73.40. బేరం లేదు, వేరే దారి లేదు. రెండొందల డాలర్లకు 14,680, జీఎస్టీ 45. మిగిలిన 275కి ఇద్దరం కాఫీ తాగుదామంటే సరిపోలేదు. పంజాగుట్టలో అయితే ఇదే రెండొందలు 13,770కి వచ్చేవి. రెండు నెలలు ఆలోచించి పోగొట్టుకున్నది 625. అయిదు నిమిషాల్లో పోగొట్టుకున్నది 910. అదీ సగం కన్నా తక్కువ డాలర్ల మీద. ఆ కౌంటర్ ఎవరిదో రాయను. చిన్న నోట్లు అడిగితే పదులు, అయిదులు, రెండ్లు మాత్రం ఇచ్చారు, అంతవరకు మెచ్చుకోవాలి.

సింగపూర్ వెళ్లాక లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్‌కు వెళ్లాం. తెలుగువాళ్లు దిగగానే ఒక్కసారైనా వెళ్లే చోటు. దాని దగ్గర కరెన్సీ మార్చే కౌంటర్లు ఉన్నాయి, మన రూపాయి నోట్లు తీసుకుంటారు. దేశం దాటేటప్పుడు ఒక్కొక్కరు 25 వేల రూపాయల వరకు మన నోట్లు తీసుకెళ్లవచ్చు కాబట్టి నా జేబులో కొన్ని ఉన్నాయి. పదివేలు ఇస్తే 144 డాలర్లు ఇచ్చారు. అంటే డాలరు 69.44 పడింది. పంజాగుట్ట కన్నా కొంచెం ఎక్కువ, విమానాశ్రయం కన్నా చాలా నయం. ఫారాలు, నకళ్లు ఏమీ లేవు. శనివారం సాయంత్రం కావడంతో వరస మాత్రం తిరుపతి లడ్డూ కౌంటర్‌ను తలపించింది. మా ఆవిడ ఆ వరసలో నిలబడి, "ఈ సంగతి శంషాబాద్‌లో చెప్పొచ్చుగా" అని నన్నే అంది.

ఒక సరదా సంగతి. హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే చోట, టిఫిన్ తిని డబ్బులిస్తే చిల్లరలో ఒక పది డాలర్ల నోటు వేరేగా కనిపించింది, బొమ్మ వేరే, రాజుగారి వేషం. దొంగనోటు అంటగట్టారని గొడవకు సిద్ధమయ్యాను. అల్లుడు చెయ్యి పట్టుకుని, "మావయ్యా, అది బ్రూనై నోటు, ఇక్కడ అదే విలువకు చెల్లుతుంది" అన్నాడు. 1967 నుంచి రెండు దేశాల మధ్య ఆ ఒప్పందం ఉందట. నేను నమ్మక పక్క కొట్టులోనే దాంతో పళ్లు కొన్నాను. చెల్లింది.

కార్డు సంగతికి వస్తే నా అనుభవం చిన్నది, బాగాలేదు. ఒక దుకాణంలో 86 డాలర్ల చెప్పులకు నా డెబిట్ కార్డు పెట్టాను. మెషీన్ రూపాయల్లో చెల్లిస్తారా, డాలర్లలోనా అని అడిగింది. రూపాయలైతే మనకు అర్థమవుతుందని అదే నొక్కాను. ఆరువేల పైచిలుకు పడింది, లెక్కేస్తే డాలరు 71 దాటింది. "నాన్నా, ఎప్పుడూ ఆ దేశం డబ్బులోనే నొక్కాలి" అని అమ్మాయి కోప్పడింది. రూపాయలు నొక్కితే రేటు మన బ్యాంకు కాదు, ఆ మెషీన్‌వాళ్లు వేస్తారట. ముందే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డు అయితే నింపిన రోజు రేటే ఖాయం. మా బావమరిదికి అది బాగా పనికొచ్చింది, కానీ అమెరికన్ డాలర్లు నింపి బ్యాంకాక్‌లో బాత్‌లు ఖర్చుపెడితే మళ్లీ మార్పిడికి కోత పడింది. ఏ దేశం వెళ్తే ఆ దేశం డబ్బే నింపాలి.

ఒకవేళ మీరు వెళ్లేది వియత్నాం లాంటి చోటికైతే, ఆ నోట్లు ఇక్కడ దొరకడం కష్టం. అమెరికన్ డాలర్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోవడమే దారి. నోట్లు మాత్రం వందలే, కొత్తవే తీసుకోండి. పెన్ను గీత, చిరుగు ఉంటే కొన్నిచోట్ల తీసుకోరు. పంజాగుట్టలో ఆ మెషీన్ పక్కనే నిలబడి ఒక్కొక్క నోటూ వెలుతురులో చూసుకోండి, కుర్రాడు విసుక్కోడు.

తిరిగి వచ్చేసరికి 310 డాలర్లు మిగిలాయి. శంషాబాద్‌లో దిగాక కౌంటర్‌లో అడిగితే 61 రూపాయలకు కొంటామన్నారు. పంజాగుట్ట కుర్రాడికి ఫోన్ చేస్తే 67.40 అన్నాడు. ఆర్నెల్లలోపు మార్చేయాలి, కాకపోతే 2,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు మన దగ్గరే ఉంచుకోవచ్చు. వచ్చే వేసవికి అమ్మాయి మళ్లీ రమ్మంటోంది కాబట్టి అమ్మలేదు. ఆ నోట్లు ఇప్పుడు పోపులడబ్బాలోనే ఉన్నాయి. వాటితో పాటు ఇంకేమున్నాయో ఈసారి ఊరు దాటకముందే అడుగుతాను.